పతకపు అంచు చదువుట

మీ బీరువా అట్టడుగు సొరుగును ఒకసారి లాగి చూడుడు. అందులో ఒక బిస్కత్తుల డబ్బా, ఆ డబ్బాలో దూదిమీద పదో పన్నెండో బిళ్లలు, వానిలో రెండింటికి రంగు వెలిసిన రిబ్బను ముక్కలు, ఒకదానికి తుప్పుపట్టిన పిన్నీసు: ఇదియే గదా మీ సేకరణ? మొదటిది తాతగారి ట్రంకుపెట్టెలో దొరకినది. రెండవది దానికి జోడుగా నుండునని కొన్నది. తక్కినవి ఎక్కడ కొంటిరో, ఎందుకు కొంటిరో మీకే జ్ఞాపకము లేదు. ఇంటికి వచ్చిన చుట్టము డబ్బా మూత తీసి "ఇవేమిటండీ?" అని అడిగినచో రెండు వాక్యములకు మించి మీరు చెప్పలేరు. ఆ మూడవ వాక్యమును ఎట్లు సంపాదింపవలెనో తెలుపుటకే ఈ అధ్యాయము.

శౌర్యమునకు ఇచ్చు పతకము వేరు, కొలువు చేసినందుకు ఇచ్చు పతకము వేరు. ఒక పట్టాభిషేకమునో, ఒక జూబిలీనో, ఒక స్వాతంత్ర్య దినమునో పదిమంది జ్ఞాపకముంచుకొనుటకై ముద్రించి పంచిపెట్టినది స్మారక పతకము. మన విషయము ఈ మూడవ రకము. ఇంతకు మించిన శాస్త్రచర్చ మనకు వలదు, పని మొదలుపెట్టుదము.

1. ముందుగా కంచె వేసికొనుడు.

లోకములోని పతకములన్నియు నావే కావలెనని బయలుదేరినవానికి చివరకు బిస్కత్తుల డబ్బాయే గతి. నా మాట విని 1935 మొదలు 1950 వరకు గల పదునైదేండ్లను ఎంచుకొనుడు. ఎందుకందురా? ఆ కొద్దికాలమున మన దేశమున రాజులు మారిరి, పిదప రాచరికమే పోయినది. ఇంచుమించు ప్రతి మలుపునకును ఒక పతకము వెలువడినది. 1935 మే 6వ తేదీన ఐదవ జార్జి పాలనకు ఇరువదియైదేండ్లు నిండిన సందర్భమున ఒకటి. 1937 మే 12వ తేదీన ఆరవ జార్జి పట్టాభిషేకమునకు మరియొకటి. అదే సంవత్సరము ఫిబ్రవరిలో హైదరాబాదున నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను జరుపుకొన్న రజతోత్సవమునకు సంబంధించినవి కొన్ని. 1947 ఆగస్టు 15ను పురస్కరించుకొని సైనికులకు ఇచ్చినది ఒకటి. 1950 జనవరి 26వ తేదీతో రక్షకభటులకు ఇచ్చినది ఒకటి. వీనిని మాత్రము క్షుణ్ణముగా ఎరిగినచో చాలును. అట్టివారు మీ ఊరిలో నలుగురైనను ఉండరు.

1935 నాటి అధికారిక పతకములు సామ్రాజ్యమంతటికిని కలిపి సుమారు 85 వేలు, 1937 నాటివి సుమారు 90 వేలు పంచిపెట్టబడినవి. కాబట్టి అవి కంటికి కనబడనంత అరుదైనవి కావు, చేతికి వచ్చినదెల్ల నిజమైనదే అనుకొనునంత విరివిగా దొరకునవియు కావు. వీనికి తోడు బడిపిల్లలకు పంచిన ఇత్తడి బిళ్లలు, అల్యూమినియపు బిళ్లలు వేరుగా నున్నవి. వానిని చులకన చేయవలదు. అధికారిగారి వెండి పతకము పెట్టెలో మఖమలు గుడ్డమీద సుఖముగా నిదురించినది. పిల్లవాని బిళ్ల గోలీలతోను బొంగరముతోను చొక్కా జేబులో దొర్లి దొర్లి మిగిలినది. నాకు ఈ రెండవదానిమీదనే మక్కువ హెచ్చు.

2. బిళ్లమీద ధర యున్నదా, చూడుడు.

ఉన్నచో నాణెము, లేనిచో చాలమట్టుకు పతకము. 1969లో గాంధీ శతజయంతికి వెలువడిన పది రూపాయల వెండి బిళ్లను "గాంధీ మెడల్ సార్" అని చూపువారు నేటికిని కలరు. వెనుకకు త్రిప్పినచో పది అను అంకె మిమ్ము చూచి నవ్వును. అది మంచి వస్తువే, కాని మీ కంచెకు ఆవలిది.

3. అంచు చదువుడు.

బొమ్మను, బొరుసును అందరును చూతురు. అంచును చూచువారు అరుదు. ఈ అధ్యాయమంతయు మరచినను ఈ ఒక్క మాట మరవకుడు. మాటలతో గాక వస్తువుతోనే చెప్పెదను. 1947 నాటి స్వాతంత్ర్య పతకము మీ అరచేతిలో నున్నదనుకొనుడు. వ్యాసము 36 మిల్లీమీటర్లు, లోహము రాగి, నికెలుల మిశ్రమము, రిబ్బను కాషాయము, తెలుపు, ఆకుపచ్చ సమానమైన పట్టీలు. ఒకవైపు సారనాథ సింహములు, వాని చుట్టును ఇంగ్లీషులో భారత స్వాతంత్ర్యము, 15 ఆగస్టు 1947 అని. రెండవవైపు అశోకచక్రము, ఆ చక్రముపైన, ఆశ్చర్యపడకుడు, ఒక కిరీటము!

స్వాతంత్ర్యమునకు గుర్తుగా ఇచ్చిన దానిపై కిరీటమేల? 1950 జనవరి 26 వరకు ఆరవ జార్జి మన దేశమునకు రాజుగానే యుండెను. ఈ పతకమును నెలకొల్పిన ఆజ్ఞాపత్రము 1948 జూలైలో ఆయన పేరిటనే వెలువడినది. ఇప్పుడు భూతద్దము పట్టి చుట్టునున్న లాటిను బిరుదములను ఒక్కొక్క అక్షరముగా చదువుడు. దేవుని దయవలన రాజు, మతరక్షకుడు అనునవి కలవు. భారత చక్రవర్తి అను మాట లేదు. ఆ బిరుదమును ఆయన 1948 జూన్ నెలలో విడిచిపెట్టెను గనుక, మరుసటి నెలలో పుట్టిన పతకమున దానికి చోటు లేకపోయినది. దీని ప్రక్కన 1937 నాటి పట్టాభిషేక పతకమును పెట్టుడు. దానిమీద కిరీటము క్రింద జి, ఆర్, ఐ అను మూడక్షరములు పెనవేసికొని యుండును. ఆ మూడవ అక్షరమే చక్రవర్తిత్వము. పదునొకండేండ్లలో రాలిపోయిన ఆ ఒక్క అక్షరమును చుట్టమునకు చూపింపుడు. మీ మూడవ వాక్యము దొరకినది కదా!

ఇక అంచు. స్వాతంత్ర్య పతకపు అంచుమీద గ్రహీత సంఖ్య, హోదా, పేరు, దళము ముద్రింపబడి యుండును. దీపమును నెత్తిమీద గాక ప్రక్కగా, ఏటవాలుగా నుంచి పతకమును మెల్లగా త్రిప్పుచు ఉన్నదున్నట్లు కాగితముపై ఎక్కింపుడు. మన పేర్లను ఇంగ్లీషున వ్రాసిన గుమాస్తాలు అప్పలస్వామిని ఎన్ని విధముల ఖూనీ చేసిరో లెక్కలేదు. ఆ తప్పును మీరు దిద్దవలదు, తప్పుతోనే వ్రాసికొనుడు. ఏలయనగా పాత సర్వీసు కాగితములలో ఆ తప్పుతోనే ఆయన దొరకును.

పిదప వెర్నియర్ కాలిపర్సుతో వ్యాసమును నాలుగు చోట్ల కొలువుడు. మూడు చోట్ల 36 వచ్చి, పేరున్న చోట మాత్రము తగ్గినదా? పూర్వపు పేరును ఆకురాతితో రాచి దానిపై క్రొత్త పేరు కొట్టిరన్నమాట. వ్రేలితో తడవినప్పుడు నున్నగానే తోచును, కొలతబద్ద మోసపోదు.

1935, 1937 నాటి వెండి పతకముల అంచులు మాత్రము పేర్లు లేకుండగనే వెలువడినవి. అట్టిదానిపై పేరు కనబడినచో అది గ్రహీతయో, ఆయన కొడుకులో తరువాత కంసాలిచేత చెక్కించుకొన్నది. అది దోషము కాదు, ప్రమాణమును కాదు. వానితో ధ్రువపత్రమొకటి వచ్చెడిది. పేరున్నది ఆ కాగితముమీద. "కాగితం కూడా ఉందా అండీ?" అని మొదటనే అడుగుడు. చెదలు తిన్న మూల మిగిలినను సరే, తీసికొనుడు.

4. కథను కొనవలదు, తేదీలను అడుగుడు.

ఒక పాతసామానుల అంగడిలో మీరు నిలుచున్నట్లు ఊహించుకొనుడు. అతడు మూడురంగుల రిబ్బను పతకమును చూపి, "ఇది నిజాం ఫౌజుల పనిచేసిన మా తాతకు ఆజాదీ వచ్చినప్పుడు ఇచ్చిన్రు సార్" అనును. మీకు కన్నులు చెమర్చును, చేయి పర్సులోనికి పోవును. ఆగుడు! ఒక్క ప్రశ్న వేయుడు: "ఫౌజుల ఎప్పటిదాక ఉన్నడు?" "పోలీసు యాక్షన్ దాక ఉన్నడు సార్." ఇప్పుడు లెక్క చూడుడు. సంస్థానముల సేనలలో, 1948 జనవరి 1వ తేదీ నాటికి భారతదేశమున చేరిన సంస్థానముల వారికే ఈ పతకము. హైదరాబాదు చేరినది ఆ పోలీసు యాక్షనుతో, అదే ఏడు సెప్టెంబరులో. ఆ తాతగారు మరియొక దళములో నుండి యుండవలెను, లేదా ఆ పతకము మరియొక తాతగారిదై యుండవలెను. అంచు చదివినచో సంగతి తేలిపోవును. అమ్మువాడు అబద్ధమాడెనని నేననను. వస్తువు చేతులు మారినకొలది దానికొక తాత జతపడుట లోకరీతి.

నిజాము కాలపు పతకములను సేకరింపదలచినవారు ఉర్దూ అంకెలను ఒక సాయంకాలము కూర్చుండి నేర్చుకొనక తప్పదు. అవి పదియే గదా. బిళ్లపై 1355 అని యున్నచో కంగారుపడకుడు, అది హిజ్రీ. దానిని 0.97తో హెచ్చించి 622 కలిపినచో సుమారుగా మన సంవత్సరము వచ్చును: 1936. సరిగా చెప్పవలెనన్న ఆ హిజ్రీ సంవత్సరము 1936 మార్చిలో మొదలై 1937 మార్చిలో ముగిసినది; నిజాము రజతోత్సవము జరిగిన 1937 ఫిబ్రవరి అందులోనిదే. 1936లోనే జరుగవలసిన ఆ వేడుక ఐదవ జార్జి మరణము వలన వాయిదాపడినది. ఈ సంగతి తెలిసినవాడు 1936 అని వ్రాసియున్న కాగితమును, 1937 అని వ్రాసియున్న కాగితమును చూచి ఏదో ఒకటి దొంగదని తొందరపడడు. ఇక రెవెన్యూ లెక్కల ఫసలీ సంవత్సరమైనచో 590 కలుపుడు, చాలును.

5. నీటిలో తూచుడు.

"ఇది వెండియేనా?" అని అంగడివానినే అడుగుట దొంగచేతికి తాళములు అప్పగించుట. అయస్కాంతమునకు అంటుకొనలేదు గనుక వెండియే అనుకొందురేమో. ఇత్తడియు అంటుకొనదు, పతకములకు వాడు రాగి నికెలుల మిశ్రమమును అంటుకొనదు. చేయవలసినది ఇది. నగల దుకాణములో వాడునట్టి చిన్న తూకముపై బిళ్ల బరువు చూచి వ్రాసికొనుడు. తరువాత తూకముమీద నీళ్ల గ్లాసు నుంచి దానిని సున్నకు త్రిప్పి, సన్నని దారమున బిళ్లను కట్టి, గ్లాసు అడుగునకు గాని ప్రక్కలకు గాని తగులకుండ నీళ్లలో పూర్తిగా మునుగునట్లు వ్రేలాడదీయుడు. అప్పుడు తూకము చూపిన అంకెతో మొదటి బరువును భాగింపుడు. బరువు 20.6 గ్రాములు, రెండవ అంకె 2 అయినచో ఫలము 10.3, అది స్టెర్లింగు వెండి. 8.9 వచ్చినచో రాగి నికెలుల మిశ్రమము, 8.5 దరిదాపులలో నున్నచో ఇత్తడి. రిబ్బను కుట్టియున్న పతకమునకు మాత్రము ఈ స్నానము చేయింపకుడు.

లోహము నిజమైనంత మాత్రమున పతకము నిజమైనది కాదు. రెండు ఉక్కు అచ్చుల నడుమ నొక్కి ముద్రించిన దానిలో అక్షరముల గోడలు నిటారుగా నుండును. పోతపోసిన నకలులో అవి వాడిన సబ్బుబిళ్లమీది పేరువలె జారిపోయి యుండును. భూతద్దమునకు సూదిమొనలవంటి గుంటలు కనబడును. అంచు చుట్టును ఒక సన్నని అతుకు వ్రేలికి తగులును. కరగిన లోహము చల్లారి కుంచించుకొనును గాన వ్యాసము వెంట్రుకవాసి తగ్గును. ఇదంతయు ఇంత నిబ్బరముగా చెప్పుచున్నాడే అనుకొనకుడు. పేరు చెప్పనవసరము లేని ఒక అంగడిలో, దీపములు పెట్టు వేళ, నిజాము రజతోత్సవ పతకమని నేనొకటి కొంటిని. బస్సులో ఇల్లు చేరువరకు జేబులోనుండి చేయి తీయలేదు. అట్లు తడవుచుండగనే, ఇంకను నాలుగు స్టాపులుండగా, ఆ అతుకు నా బొటనవ్రేలికి తగిలినది. అది నేటికిని నా బల్లమీదనే, కాగితములు ఎగురకుండ కాపలా కాయుచున్నది.

6. తోమవలదు.

తోమవలదు, తోమవలదు, తోమవలదు. చింతపండు వలదు, విభూతి వలదు, కుంకుడురసము వలదు, పండ్లపొడి వలదు, వెండి సామానుల కొరకు సీసాలలో అమ్ము ద్రావకమును వలదు. ఎందుకనగా నల్లబడిన ఆ పొర మురికి కాదు. ఏండ్ల తరబడి గాలిలో వెండి తనకు తాను కప్పుకొన్న దుప్పటి. ముఖపు ముడుతలలో, కిరీటపు సందులలో ఆ నలుపు నిలిచి యుండుట చేతనే బొమ్మ లేచి వచ్చినట్లు కనబడును.

మా మాతామహులు రెవెన్యూ శాఖలో పనిచేసినవారు. 1937 నాటి వెండి పతకమొకటి వారి పెట్టెలో నుండెడిది. నాకు ఇరువదేండ్ల ప్రాయమున, వారు పోయిన తరువాత, సెలవులకు వెళ్లి దానిని చూచి, ఇంత మంచి వస్తువును ఇంత మకిలిగా ఉంచిరే అని చింతపండు పులుసుతో, ముగ్గుపిండితో, పెరటి నూతిచప్టామీద కూర్చుండి అరగంట తోమితిని. తళతళలాడినది. రాణిగారి చెక్కిలి అప్పుడే కళాయి వేసిన గిన్నెవలె మెరసినది. పరుగున పోయి అమ్మమ్మకు చూపితిని. ఆమె దానిని రెండువైపులను త్రిప్పి చూచి, "అది ఆయన చేతి మకిలిరా. దాన్నెందుకు తోమావు?" అని, మరి మాటాడక వంటయింటిలోనికి వెళ్లిపోయినది. భూతద్దము క్రింద నేడు చూచినచో ఆ చెక్కిలిమీద ముగ్గురాతి గీతలు అడ్డదిడ్డముగా నున్నవి. నలుపు మరల పట్టుచున్నది. గీతలు మాత్రము పోవు.

మరి జిగురు, దుమ్ము పట్టియున్నచో? స్వేదనజలములో కొంతసేపు నాననిచ్చి, రుద్దక, మెత్తని నూలుగుడ్డమీద ఆరవేయుడు. అంతటితో ఆగుడు.

7. దాచుట.

మెత్తని ప్లాస్టిక్కు జేబులుగల ఆల్బములను మానుడు. తెరచినంతనే ఘాటైన వాసన వేయునవి మరింత ప్రమాదకరములు. కొన్నియేండ్లకు ఆ ప్లాస్టిక్కు జిగురు కార్చును, రాగి కలిసిన బిళ్లలకు పచ్చని చిలుము పట్టును. మైలారు అను పాలియెస్టరు సంచులు మేలు. రబ్బరు బాండ్లలో గంధకముండును, అది వెండికి శత్రువు. కాకినాడ, విశాఖ, బందరు వంటి సముద్రపుటూళ్లలో నున్నవారు డబ్బాలో సిలికా జెల్ పొట్లములుంచి, వానాకాలమున వానిని మార్చుచుండుడు. రిబ్బనుకు ఎండ తగలనీయకుడు. పట్టుకొనుట ఎప్పుడును అంచులతోనే.

8. పట్టీని విడదీయవలదు.

రెండు మూడు పతకములు ఒకే పట్టీమీద కుట్టియున్నవి దొరకినప్పుడు మనకు కావలసినది నడిమిది యొక్కటే కావచ్చును. "అదొక్కటీ కోసి ఇస్తాను, తక్కువలో పోతుంది" అని అమ్మువాడు కత్తెర తీయును. వలదనుడు. ఆ మూడును ఒక మనుష్యుని రొమ్ముమీద కలిసి వ్రేలాడినవి. డబ్బు చాలనిచో ఫొటో తీసికొని, అంచుల వ్రాతను ఎక్కించుకొని, మొత్తముగా కొనగల మరియొకనికి కబురు చేయుడు. ఇట్లు రెండుసార్లు నేను పోగొట్టుకొంటిని. పశ్చాత్తాపము లేదు, కొంచెము కడుపుమంట కలదు.

వెదకుటకు హైదరాబాదు మహబూబ్ చౌకు, జుమ్మెరాత్ బజారు వంటి తావులు ఉండనే యున్నవి. కాని మీ ఊరి కంసాలిని మంచి చేసికొనుట అంతకంటె లాభము. కరిగించుటకై వచ్చు పాత వెండిలో మువ్వలు, మొలత్రాళ్లతో బాటు ఈ బిళ్లలును వచ్చును. "కరిగించే ముందు ఒక్క ఫోన్ చెయ్యండి, వెండి ధరమీద కొంచెం వేసే ఇస్తాను" అని చెప్పి యుంచుడు. ఏడాదికి ఒకటి దక్కినను అది మూసలోనుండి లాగికొన్నదే.

చట్టపు సంగతి ఒక్కటి. 1972 నాటి చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన ఇట్టి వస్తువులు పురావస్తువులగును, వానిని దేశము దాటింపరాదు. 1911 ఢిల్లీ దర్బారు పతకము ఇప్పటికే ఆ గీత దాటినది. 1935 నాటిది 2035లో దాటును. విదేశమున నున్న మీ అబ్బాయికి కానుకగా పంపదలచినవారు తేదీ చూచుకొనుడు.

9. నోటుపుస్తకము పెట్టుడు.

కంప్యూటరులో వ్రాసికొందురో, నూరు పేజీల పుస్తకములో వ్రాసికొందురో మీ యిష్టము. కాని కొన్ననాడే వ్రాయుడు, రేపటికి అంగడివాని మాటలో సగము మరతురు. ఏమి వ్రాయవలెను? వ్యాసము, బరువు, నీటి తూకపు ఫలము. అంచుమీది వ్రాత, తప్పులతో సహా. ఎవరి యొద్ద, ఏ తేదీన, ఎంతకు. అమ్మినవాడు చెప్పిన కథ అతని మాటలలోనే, దాని ప్రక్కన మీ అనుమానము. తెలియని గడిని ఖాళీగా విడుచుటకు సిగ్గుపడకుడు, ఊహతో నింపకుడు. నా పుస్తకములో 1937 నాటి బడిపిల్లల ఇత్తడి బిళ్ల యొకదాని ప్రక్కన "చెవి దగ్గర పంటిగాటు" అని మాత్రమే యున్నది. ఎవరి పన్నో ఎన్నటికిని తెలియదు, అయినను ఆ పుట తీసినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును.

ఈ రాత్రి భోజనమైన తరువాత ఆ బిస్కత్తుల డబ్బా తీసి, మొదటి పుట తాతగారిదానితో మొదలుపెట్టుడు. నా పుస్తకములోను మొదటి పుట అట్టిదే. అందులో ఇట్లున్నది: "పట్టాభిషేక పతకము, 1937 మే 12. వెండి. అంచున పేరు లేదు. ధ్రువపత్రము లేదు. మాతామహులది, అమ్మమ్మ మాటయే ఆధారము. తోమబడినది. తోమినవాడు నేను."